ఏ కర్నల్ అని అడగనివ్వండి

దేవరకొండ నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం:

"మేడం, నాకు ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. మా అమ్మాయి ఏడో తరగతి. స్పెల్లింగ్ బీలో స్కూల్లో ఫస్టు, జిల్లాలో సెకండు వచ్చింది. రాష్ట్రస్థాయి పోటీకి హైదరాబాద్ తీసుకెళ్తే రెండో రౌండ్‌లోనే పోయింది. నాకు కోపమొచ్చి ఎంజీబీఎస్‌లో బస్సెక్కిన కాడి నుంచి మాల్ ఊరు దాటేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు స్టేజీ ఎక్కనే ఎక్కనంటోంది. పోటీ పెట్టినవాళ్లు వచ్చే ఏడాది కోసం ఆన్‌లైన్ కోచింగ్‌కు 18 వేలు కట్టమంటున్నారు. స్కూలువాళ్లేమో ఎనిమిది నుంచి ఐఐటీ ఫౌండేషన్‌లో వేయమంటున్నారు. రెండిట్లో ఏది కెరీర్‌కు మంచిది? అమెరికాలో మన నల్గొండ వాళ్లబ్బాయి గెలిచాడు కదా, మా పిల్లకు అంత తెలివి లేదా? నేను డిగ్రీ అయ్యాక ఒక ఇంటర్వ్యూకి పోయి, ఇంగ్లీషులో వాళ్లడిగింది అర్థంకాక తలూపి వచ్చినవాణ్ని. నా బిడ్డకు ఆ గతి పట్టొద్దు."

కింద పెన్సిల్‌తో, వేరే చేతిరాతలో మూడు లైన్లు: "మేడం, నాకు ఆ పదం వచ్చు. కర్నల్ అన్నారు, నేను గింజ అనుకున్న. అర్థం అడుగుదామనుకున్న గానీ, ఎక్కువ అడిగితే రాదనుకుంటారని నాన్న చెప్పిండు."

మీ ఉత్తరం ఒకసారి చదివాను. ఆ మూడు లైన్లు నాలుగుసార్లు చదివాను.

అసలు అక్కడ జరిగిందేమిటో ముందు చూద్దాం. స్పెల్లింగ్ బీ అంటే జడ్జి మైకులో ఒక ఇంగ్లీషు మాట పలికితే, పిల్లలు దాని అక్షరాలు వరసగా నోటితో చెప్పే పోటీ. ఇంగ్లీషులో ఆ ఒక్క పలుకుకు రెండు మాటలున్నాయి. 'కే'తో మొదలయ్యేది గింజ లోపలి పప్పు. 'సీ'తో మొదలయ్యేది సైన్యంలో అధికారి. ఈ రెండోదాని స్పెల్లింగ్‌లో మధ్యన 'ఎల్' ఉంటుంది, పలికేటప్పుడు మాత్రం 'ర' వినపడుతుంది. ఫ్రెంచి నుంచి 'ర'తో వచ్చిన మాటను తర్వాత ఇటాలియన్ రూపం చూసి 'ఎల్'తో రాయడం మొదలుపెట్టారు, పలకడం మాత్రం పాతదే ఉండిపోయింది. మన పేపర్లవాళ్లు స్పెల్లింగ్ చూసి 'కల్నల్' అని రాస్తారు. అందుకే ఆ మాట తెలిసిన పిల్లకు కూడా మైకులో వినపడ్డది అదేనని తట్టలేదు. విత్తనాల బస్తాల మధ్య పెరిగిన పిల్లకు కర్నల్ అంటే గింజ గుర్తొచ్చింది. ఇందులో తెలివి తక్కువతనం ఎక్కడుందో మీరే చెప్పండి.

"అర్థం చెప్తారా?" అని ఒక్క మాట అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది. ఈ ఆటలో అది పిల్లల హక్కు. అర్థం అడగొచ్చు, వాక్యంలో వాడి చూపించమనొచ్చు, ఏ భాష నుంచి వచ్చిందో అడగొచ్చు, మళ్లీ పలకమనొచ్చు. బాగా ఆడే పిల్లలు తెలిసిన పదానికి కూడా ఇవన్నీ అడుగుతారు. 2025లో అమెరికా జాతీయ పోటీ ఫైనల్లో ఫైజాన్ జకీ అనే 13 ఏళ్ల కుర్రాడికి ఒక పువ్వుల మొక్క పేరు వచ్చింది. అది సరిగ్గా చెబితే కప్పు అతనిదే. ఆ ఊపులో ఏమీ అడగకుండానే 'కే, ఏ, ఎమ్' అని మొదలుపెట్టి నాలిక్కరుచుకున్నాడు. అది 'సీ'తో మొదలయ్యే మాట. మిగిలిన ఇద్దరూ అంతకుముందే తప్పు చెప్పి ఉన్నారు కాబట్టి బతికిపోయి, ఆ తర్వాత గెలిచాడు. అంతటివాడికే అడగకపోతే అలా అయింది. మీ అమ్మాయి అడగాలనుకుంది, నోటిదాకా వచ్చింది. ఆపింది మీ మాట.

అన్నా, కోపం తెచ్చుకోకండి, ఇది చెప్పక తప్పదు. ఆ రోజు ఇంటర్వ్యూలో మీరు "సార్, ఇంకోసారి చెప్పండి" అనలేకపోయారు. అడిగితే రాదనుకుంటారని తలూపారు. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదు, నిజమే. కానీ దానికి మందు అనుకుని బిడ్డకు మీరిచ్చింది అదే రోగం. పైగా రెండు గంటల బస్సు ప్రయాణంలో పన్నెండేళ్ల పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే పలకరించలేదు. ఆమె స్టేజీకి భయపడుతోందని మీరనుకుంటున్నారు. నాకైతే తిరుగు బస్సుకు భయపడుతోందనిపిస్తోంది.

నల్గొండ అబ్బాయి సంగతి. బృహత్ సోమ 2024లో స్క్రిప్స్ పోటీ, అంటే పైన చెప్పిన ఆ అమెరికా జాతీయ పోటీయే, గెలిచాడు, తండ్రిది నల్గొండ, అంతా నిజమే. టైబ్రేకర్‌లో 90 సెకన్లలో 29 పదాలు సరిగ్గా చెప్పాడు. మీ వాట్సాప్‌లో తిరిగిన వీడియో అదే అయ్యుంటుంది. అంతకుముందు రెండేళ్లూ అదే పోటీకి వెళ్లి ఓడి వచ్చాడన్నది ఆ వీడియోలో ఉండదు. ఆ టైబ్రేకర్‌లో అతని చేతిలో ఓడిందెవరో తెలుసా? పైన చెప్పిన ఫైజానే. ఇంకొకటి, ఎనిమిదో తరగతి దాటితే ఆ పోటీలో చోటే లేదు. అది చిన్నతనంలో ఆడి వదిలేసే ఆట. ఆ కప్పు గెలిచిన మొదటి భారత సంతతి పిల్లవాడు బాలు నటరాజన్, 1985లో. పెద్దయ్యాక డాక్టరయ్యాడు. రోగులు ఆయన్ను స్పెల్లింగ్ అడగరు కదా!

ఇక ఐఐటీ ఫౌండేషన్. నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు, ఎక్కడికి పోయినా ఏ స్కూలు గేటు మీద చూసినా ఇదే బోర్డు. ఒకప్పుడు నేనూ చేర్పించమని చెప్పినదాన్నే. ఇప్పుడు నా నోటంట ఆ మాట తేలిగ్గా రాదు. కిందటేడాది ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు నా ముందు కూర్చుని చలన సూత్రాల ఫార్ములాలు గడగడా చెప్పాడు. "మరి బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకెందుకు తూలుతాం?" అన్నాను. "అది మెటీరియల్‌లో రాలే మేడం" అన్నాడు. లెక్కల్లో త్రికోణమితి మొదలు కాకముందే దాని మీద నిలబడే ఫిజిక్స్ చెప్తే, పిల్లలు బట్టీ పట్టక ఏం చేస్తారు? పొద్దున ఆరింటికి పోయి సాయంత్రం ఏడింటికి వచ్చే పిల్లలు, ఇంటర్ అసలు చదువు మొదలయ్యేసరికే అలసిపోయి ఉంటున్నారు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలు ఉంటారు, వాళ్లకు అది పండగే, కాదనను. మీ ఉత్తరంలో అమ్మాయికి లెక్కలు ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు. ఒక ఫీజు రాశారు, రెండు కోచింగులు రాశారు. ఆమెకు ఏది ఇష్టమో రాయలేదు.

పోలిక అడిగారు కాబట్టి చెప్తాను, పెద్దగా ఏమీ లేదు. ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలు, ఇంగ్లీషుకు ఒక్కటీ లేదు. స్పెల్లింగ్ సర్టిఫికెట్ చూసి సీటిచ్చే కాలేజీని నేనింతవరకు చూడలేదు. లా చదవాలని క్లాట్ రాస్తే ఇంగ్లీషు భాగం ఉంది, అందులో కూడా పేరా చదివి అర్థం చేసుకున్నావా అని చూస్తారు. కాబట్టి 18 వేలు కట్టొద్దు. పదాల లిస్టు పీడీఎఫ్ పంపి వారానికోసారి జూమ్‌లో చదివించడానికి అంత అక్కర్లేదు. ఫౌండేషన్ కూడా ఈ ఏడాదికి ఆగండి. ఎనిమిదిలో లెక్కలు, సైన్సు స్కూలు పుస్తకంలోవే ఆమె ఎలా చేస్తుందో కూర్చుని చూడండి. తొమ్మిదిలో తనే అడిగితే అప్పుడు మాట్లాడుకుందాం. ఏడో తరగతిలో ఒక ఏడాది ఆగితే బండి వెళ్లిపోదు. ఈ "వెనకబడిపోతారేమో" అన్న టెన్షన్‌తో నాకు వారానికి రెండు మూడు ఉత్తరాలు వస్తాయి. పదోతరగతి తర్వాత దారి మార్చుకుని బాగుపడ్డ పిల్లలను చాలామందిని చూశాను కాబట్టే ధైర్యంగా చెప్తున్నాను.

ఆ డబ్బులో కొంచెం పెట్టి ఒక మంచి డిక్షనరీ కొనండి, మాట పుట్టిన భాష కూడా ఇచ్చేది. రాత్రి దుకాణం మూశాక మీరు చదవండి, ఆమె స్పెల్లింగ్ చెప్తుంది. మీ పలుకు తప్పయితే తప్పు కానివ్వండి. "నాన్నా, మళ్లీ చెప్పు" అని ఆమె అనాలి, మీరు మళ్లీ చెప్పాలి.

బిడ్డా, నువ్వు చెప్పిన స్పెల్లింగ్ గింజకు సరైనదే, జడ్జి కాగితం మీద వేరే మాట ఉంది, అంతే. వచ్చే ఏడాది స్టేజీ ఎక్కాలా వద్దా అన్నది నీ ఇష్టం, ఎక్కకపోయినా ఎవరూ ఏమనరు. ఎక్కితే మాత్రం నాలుగు ప్రశ్నలూ అడిగే దిగు. డిక్షనరీ వచ్చాక మొదట 'బాండికూట్' అన్న మాట తీసి, అది ఏ భాషలోంచి ఇంగ్లీషులోకి పోయిందో చూడు. చూశాక మీ నాన్నకు చెప్పు. మీ దుకాణంలో రాత్రిపూట బస్తాలు కొరికేది ఆయనకు బాగా తెలుసు.