బొటనవేలి గోరు మూల లోపలికి దిగితే

పది రోజులుగా బొటనవేలి గోరు మూల వాచి, చెప్పు తగిలినా ప్రాణం పోతోందని, నిమ్మకాయ తొడిగినా తగ్గలేదని రాశారు. నిమ్మకాయ మనవాళ్లు గోరుచుట్టుకు పెట్టేది. మీ విషయంలో గోరు అంచు పక్క కండలోకి దిగినట్టుంది. నొప్పిగా ఉందని మూలను ఇంకా లోపలికి కత్తిరించానన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. లోపల మిగిలిన చిన్న మొన గోరు పెరిగేకొద్దీ ముల్లులా గుచ్చుకుంటుంది. దానికి ఇరుకు బూట్లు తోడయ్యాయి: గోరుచుట్టుపై రోకటిపోటు!

చీము లేకపోతే రోజుకు రెండు మూడు సార్లు, పావుగంట చొప్పున, గోరువెచ్చని ఉప్పునీటిలో పాదం ఉంచండి. గోరు మెత్తబడ్డాక, సన్నగా పేనిన దూదిపోగును అంచు కిందికి మెల్లగా జొనపండి. దాన్ని రోజూ మార్చాలి. నాకిలా అయినప్పుడు మూడో రాత్రికి దుప్పటి తగిలినా ఉలిక్కిపడటం తగ్గింది. వేళ్లు ఆడేంత వెడల్పున్న చెప్పులే వేసుకోండి.

చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. మధుమేహం ఉంటే ఈ ఇంటివైద్యం జోలికే పోవద్దు, నేరుగా వెళ్లండి. ఉత్త యాంటీబయాటిక్ మాత్రలతో పని కాదు, గుచ్చుకునే ముక్క అలాగే ఉంటుంది కదా. పదేపదే వస్తుంటే వేలికి మత్తిచ్చి, అంచున సన్నని గోరుపట్టీ తీసి, గోరు మొదలు దగ్గర ఫినాల్ అనే రసాయనం పూస్తారు. సాధారణంగా ఆ పక్క మళ్లీ పెరగదు. గోరంతా పీకుతారన్న భయం అక్కర్లేదు.

ఇకమీదట గోటిని అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. నెయిల్ కట్టర్ అంచు చాలావరకు వంపు తిరిగి ఉంటుంది, దాని వెంట పోకండి.