ఇంజినీరింగ్ చదివితే పేటెంట్ లాయర్‌గా పని సులువవుతుందా?

కొన్నేళ్లు మెకానికల్ ఇంజినీరుగా పనిచేసి, ఇప్పుడు ఎల్‌ఎల్‌బీ చేసి పేటెంట్ కేసులవైపు వెళ్తే బీటెక్ పనికొస్తుందా అని అడిగారు. పనికొస్తుంది, అదీ మీరు అనుకోని చోట. మీ మార్కులు, గేట్ ర్యాంకు జడ్జిగారికి అక్కర్లేదు. చేతులకు గ్రీజు అంటించుకుని షాప్‌ఫ్లోర్ మీద తిరిగి ఉంటే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది. నేనూ ప్రొడక్షన్‌లో చేసి నల్లకోటు వేసుకున్నవాణ్నే, అందుకే ఒక కేసు చెబుతాను.

మా క్లయింటుది చిన్న ఫ్యాక్టరీ. పొడులు పొట్లాల్లో నింపే యంత్రాలు చేస్తారు. పొట్లాన్ని వేడితో అతికించే దవడల వెనక స్ప్రింగుల మీద ఆడే ప్లేటు తమ పేటెంటని, దాన్ని వీళ్లు కాపీ కొట్టారని ఒక పెద్ద కంపెనీ దావా వేసింది. కవరు మందం కాస్త అటూ ఇటూ అయినా ఒత్తిడి సమంగా పడాలని ఆ ఏర్పాటు. మా వాళ్ల యంత్రంలోనూ అదే ఉంది, దాచేదేం లేదు. కోర్టు తన తరఫున చూసి రిపోర్టివ్వడానికి ఒక లాయర్‌ను అడ్వకేట్ కమిషనర్‌గా వేసి పంపింది.

ఆ రోజు మా సీనియర్, అవతలి లాయర్లు అంతా వారంటులో, అంటే కమిషనర్ ఏమేం చూడాలో కోర్టు రాసిచ్చిన కాగితంలో, ఏముందన్న దాని మీద వాదులాడుకుంటున్నారు. నాకు పాత అలవాటు, వెళ్లి ఫిట్టర్ పక్కన నిలబడ్డాను. "ఈ స్ప్రింగుల కోసమా సార్ ఇంత గొడవ? మన పాత మిషన్‌కీ ఉండేవిగా!" అన్నాడు. మిషన్లు తయారుచేయక ముందు ఓనరు కారప్పొడి ప్యాకింగే చేసేవాడట. అప్పట్లో కొన్న యంత్రం షెడ్డు వెనక రేకుల కింద పడి ఉంది. కిరోసిన్ గుడ్డతో తుడిస్తే నేమ్‌ప్లేట్ మీద తయారైన సంవత్సరం కనిపించింది. అవతలివాళ్లు పేటెంటుకు దరఖాస్తు పెట్టడానికి చాలా ముందుది.

కమిషనర్ మేడమ్‌ను పిలిచాం. వారంటులో ఈ తుక్కు లేదని అవతలి లాయరు ఎగిరాడు. ఆవిడ ఆ అభ్యంతరమూ రాసుకుంది, ఫొటోలూ తీయించింది.

తర్వాత రెండు వాదనలొచ్చాయి. మొదటిది, స్ప్రింగులు ఈమధ్యే తగిలించారని. రిపోర్టులోని ఫొటో చూపించాం. స్ప్రింగు కూర్చునే గూడు ఫ్రేముతో కలిపి ఒకే పోతగా పోసి ఉంది, వెల్డింగు గుర్తు లేదు. అది తర్వాత తగిలించేది కాదని పోత పని చూసినవాడెవడైనా చెబుతాడు. రెండోది కాస్త పదునైనది. పేటెంట్ల చట్టం, 1970లో 64వ సెక్షన్ ప్రకారం మన దేశంలో ముందే బహిరంగ వాడకంలో ఉన్నదానికి ఇచ్చిన పేటెంటు రద్దవుతుంది, కానీ రహస్య వాడకాన్ని లెక్కలోకి తీసుకోరు. నాలుగు గోడల మధ్య నడిచిన యంత్రం బహిరంగమెలా అవుతుందన్నారు. ఓనరు పాత ఫైళ్లలోంచి కొన్న బిల్లు బయటికి తీశాడు. ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కోగలిగిన యంత్రంలో రహస్యమేముంటుంది?

దీనికి తోడు గిల్లెట్ డిఫెన్స్ ఉండనే ఉంది, 1913లో ఇంగ్లండులో గిల్లెట్ రేజర్ కేసులో పుట్టిన వాదన. మేం చేసేది పాత యంత్రం చేసిందే, కాబట్టి మీ క్లెయిమ్ (పేటెంటులో ఇది మాది అని రాసుకున్న హద్దు) మమ్మల్ని పట్టుకుంటే పాతదాన్నీ పట్టుకుంటుంది, అప్పుడు మీ పేటెంటే చెల్లదు. గిన్నెలను లేత్ మీద బిగించే పద్ధతి గురించి 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పూ పెట్టాం. వర్క్‌షాపులో మామూలుగా చేసుకునే మార్పు ఆవిష్కరణ కాదని అందులో ఉంది. కేసు తేలేదాకా మా తయారీ ఆపించే మధ్యంతర ఇంజక్షన్ వాళ్లకు రాలేదు. తర్వాత వాళ్లే రాజీకొచ్చారు.

పేటెంటు మంజూరైతే చాలు, ఇక తిరుగులేదని మన ఇంజినీర్లు అనుకుంటారు. మంజూరు చేసినంత మాత్రాన చెల్లుబాటుకు గ్యారంటీ లేదని అదే చట్టంలో 13(4) చెబుతోంది. ఇక కాలేజీలు సరేసరి. దరఖాస్తు పెట్టాక మామూలుగా 18 నెలలకు, త్వరగా అచ్చేయమని ఫారం 9 వేస్తే ఇంకా ముందే, పేటెంట్ ఆఫీసు పత్రికలో అచ్చవుతుంది. ఆ కాగితం పట్టుకుని "మా ప్రొఫెసర్‌కు పేటెంటు వచ్చింది" అని ఫ్లెక్సీ కడతారు. పరీక్షించమని విడిగా అడగాలి, దానికి గడువుంది (2024 నుంచి 48 నెలలు కాస్తా 31 అయింది), అడక్కపోతే ఆ దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే. ర్యాంకింగ్ పాయింట్లు వచ్చేశాక ఎవడడుగుతాడు? ఇలాంటివి చదివి చదివి నా కళ్లద్దాల పవరు పెరిగింది.

మీ సంగతికొస్తే, ఉద్యోగం ఇప్పుడే మానకండి. ముందు పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయండి. దానికి లా డిగ్రీ అక్కర్లేదు, సైన్సో ఇంజినీరింగో ఉంటే చాలు. ఏటా పెడతారన్న నమ్మకం మాత్రం లేదు, నోటిఫికేషన్ చూస్తుండాలి. పాసైతే పేటెంట్ ఆఫీసులో క్లయింట్ల తరఫున దరఖాస్తులు నడపొచ్చు, మన రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు చెన్నైలో ఉంది. దావాలో వాదించాలంటే మాత్రం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఎన్‌రోల్‌మెంటు, బార్ పరీక్ష తప్పవు. అడ్వకేటుగా నమోదయ్యాక పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయడానికి బార్ కౌన్సిల్ ఒప్పుకోదు, ఇంట్లో ఈఎంఐలు ఉంటే ఆ లెక్క ముందే వేసుకోండి. జూనియర్‌గా మొదటి కొన్నేళ్లు సీనియర్ ఇచ్చేది పెట్రోలుకే సరిపోతుంది. పైగా పెద్ద పేటెంటు దావాలు ఎక్కువగా ఢిల్లీ హైకోర్టులోనే నడుస్తాయి. 2021లో అక్కడ మేధోసంపత్తి కేసులకు ప్రత్యేక విభాగం పెట్టాక ఇంకా ఎక్కువయ్యాయి. ఇక్కడే ఉండి ఆ స్థాయి పని చేయాలంటే రైలు టికెట్లు, వాయిదాలు రెండూ అలవాటు చేసుకోవాలి.

ఈలోగా మీ ఫ్యాక్టరీలో తుక్కుకు వేసే యంత్రాల నేమ్‌ప్లేట్లు ఫొటో తీసి పెట్టుకోండి, కొన్న బిల్లులు చించేయొద్దని అకౌంట్స్ వాళ్లకు చెప్పండి.