కెమెరాల వైపు తిరిగిన కెమెరా

ప్రశ్న: 2024 జులైలో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ పార్టీ జాతీయ మహాసభలో తెలుగు మూలాలున్న ఉషా వాన్స్ ప్రసంగాన్ని మా ఇంటిల్లిపాదీ చూశాం. ఏ చానెల్ పెట్టినా అదే వేదిక, అవే చప్పట్లు. పెద్ద చానెళ్లతో సంబంధం లేకుండా ఇటువంటి మహాసభలను సొంతంగా చిత్రించిన వారున్నారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఉన్నారు. వారిలో ముందుగా చెప్పుకోవలసింది 1972 నాటి టాప్ వాల్యూ టెలివిజన్ బృందం గురించి. టీవీటీవీ అని పిలిచే ఈ బృందంలో మైకేల్ షాంబర్గ్, అలెన్ రకర్, మేగన్ విలియమ్స్ వంటి యువతీయువకులు ఉండేవారు. ఆ ఏడాది అధ్యక్ష అభ్యర్థులను ఎంపిక చేసే మహాసభల్లో డెమొక్రాట్లది జులైలోనూ, రిపబ్లికన్లది ఆగస్టులోనూ ఒకే ఊళ్లో, ఫ్లోరిడాలోని మయామీ బీచ్‌లో జరిగాయి. భుజాన తగిలించుకుని తిరగగలిగే సోనీ పోర్టాపాక్ అనే నలుపు తెలుపు వీడియో పరికరంతో వీరు రెండింటికీ వెళ్లి, తీసినదాన్ని కేబుల్ టీవీలో చూపించారు.

డెమొక్రాట్ల సభలో దక్షిణ కెరొలైనా ప్రతినిధి బృందంలో మహిళల సంఖ్య సరిపోలేదన్న ఫిర్యాదు ఓటింగుకు వచ్చింది. కాలిఫోర్నియా ప్రతినిధులంతా తమకే దక్కాలా అన్న, ఆ తర్వాత తేలవలసిన వివాదంలో తమకు చిక్కు రాకుండా ఉండేందుకు, అధ్యక్ష అభ్యర్థిత్వం కోరుతున్న జార్జ్ మెక్‌గవర్న్ వర్గం ఆ ఓటింగులో కావాలనే ఓడిపోయింది. పెద్ద టీవీ నెట్‌వర్కుల వ్యాఖ్యాతలు చాలామంది దాన్ని నిజమైన ఓటమిగానే భావించారు. సభ పైన గాజు గదుల్లో కూర్చున్నవారికి అందని ఈ ఎత్తుగడ, ప్రతినిధుల మధ్యనే తిరిగిన టీవీటీవీ వారి టేపులో కనిపిస్తుంది.

రిపబ్లికన్ల సభపై తీసిన ‘ఫోర్ మోర్ ఇయర్స్’ నాకు మరింత ఇష్టం. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ మళ్లీ అభ్యర్థిగా ఎంపిక కావడం ముందే ఖాయమైపోయిన ఆ సభలో తేలవలసిన విషయమేదీ లేదు కనుక, వీరు వేదికను దాదాపుగా వదిలేసి, నిక్సన్ మద్దతు నినాదాలిస్తున్న యువజనులనూ, బయట నిరసన తెలుపుతున్న వియత్నాం యుద్ధ మాజీ సైనికులనూ, అన్నిటికంటే ముఖ్యంగా వార్తలు చెప్పేవారినీ పలకరించారు. అప్పట్లో అమెరికాలో అత్యంత ప్రసిద్ధుడైన వార్తా వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్, ప్రజలు ఒకే వార్తా సాధనాన్ని నమ్ముకోకూడదనీ, రోజూ అరగంటలో వార్తలన్నీ చెప్పడం అసాధ్యమనీ వీరి చిన్న కెమెరా ముందు ఒప్పుకున్నాడు. నెట్‌వర్కులు ఆ మాటను తమ తెరపై చెప్పించుకుంటాయని నేననుకోను.

అయితే వీరు కూడా ప్రెస్ పాసులు తీసుకునే లోపలికి వెళ్లారన్నది మరవకూడదు. 2024లో షికాగోలో జరిగిన డెమొక్రాట్ల మహాసభకు పార్టీయే 200 మందికి పైగా సోషల్ మీడియా వీడియోలు చేసేవారిని పిలిచి పాసులిచ్చింది. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నవి చిన్న కెమెరాలే అయినా, పార్టీ తన ప్రచారం కోసం పిలిచిన అతిథినీ, ఆ ప్రచారం ఎలా తయారవుతోందో చూడటానికి వెళ్లిన వారినీ ఒకే గాటన కట్టలేం.

ఆనాటి టీవీటీవీ టేపులను షికాగోలోని మీడియా బర్న్ అనే వీడియో భాండాగారం ఇంటర్నెట్‌లో ఉంచింది. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది. రెండింటిలో ఒక్కటే చూసే వీలుంటే రిపబ్లికన్ల సభ టేపు చూడండి.