చుట్టూ ఉన్న చప్పుడే సంగీతమైతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పరిసరాల్లో చప్పుళ్లను బట్టి సంగీతం పుట్టిస్తుందని ఒక యాప్ వేసుకున్నాను. గంటస్తంభం దగ్గర రద్దీలో, రాత్రి ఇంట్లో ఒకేలా మోగుతోంది. అది నిజంగా వింటోందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వినకపోవచ్చు. ఈ యాప్‌లు రెండు రకాలు. మొదటి రకానికి మైకుతో పనిలేదు. టైము, వాతావరణం, నడక, గుండె వేగం లాంటి లెక్కలు తీసుకుని స్వరాలు పేరుస్తుంది. 2018లో బెర్లిన్‌లో మొదలైన ఎండెల్ ఈ తరహాది. రెండో రకం మైకులో పడ్డ శబ్దాన్నే ముడిసరుకుగా వాడుకుంటుంది. 2008లో ఐఫోన్‌కి వచ్చిన ఆర్‌జేడీజే ఈ దారి వేసింది. ఆటో హారను ప్రతిధ్వనులుగా చీలి, వెనక నడుస్తున్న తాళంలో కలిసి చెవికి చేరేది. ఆ యాప్ ఇప్పుడు దొరకదు. దాని కింద పనిచేసిన ప్యూర్ డేటా మాత్రం ఉచితంగానే దొరుకుతోంది. మిల్లర్ పకెట్ 1990లలో తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది.

మీది ఏ రకమో తేల్చుకోవాలంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ అనుమతులు చూడండి. మైకు అనుమతి లేకపోతే అది విననట్టే. ఉంటే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక్కసారి చప్పట్లు కొట్టండి, సంగీతంలో ఏదో ఒకటి కదలాలి. ఉన్నచోటుతో నిజంగా మాట్లాడేది రెండో రకమేనని మా అభిప్రాయం. వాతావరణ లెక్క ఊరంతటికీ ఒకటే. గంటస్తంభానికీ మూడు లాంతర్లకూ ఉన్న తేడా దానికి తెలియదు.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ఇలాంటి యాప్ తెరవగానే సంగీతం ఫోన్ కాల్‌లో విన్నట్టు పల్చబడిపోతోంది. చప్పట్లు కొట్టినా ఆలస్యంగా వినబడుతోంది. ఖరీదైనవే కొన్నాను.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: బడ్స్ చెడిపోలేదమ్మా. మామూలు బ్లూటూత్‌లో పాట వినే దారి వేరు, కాల్ మాట్లాడే దారి వేరు. బడ్స్ మైకు తెరుచుకోగానే ఫోన్ రెండో దారికి మారిపోతుంది. అక్కడ శాంప్లింగ్, అంటే శబ్దాన్ని కొలిచే వేగం, 8 కిలోహెర్ట్జ్, కాస్త కొత్తవాటిలో 16. అందులో సగానికి పైన ఉన్న శబ్దం ఏదీ మిగలదు, స్టీరియో కూడా పోతుంది. దానికి తోడు 100 నుంచి 300 మిల్లీసెకన్ల ఆలస్యం. పాట వినేటప్పుడు అది తెలియదు, మన చప్పట్లే తిరిగి వింటున్నప్పుడు వెంటనే దొరికిపోతుంది.

వైరు ఇయర్‌ఫోన్ వాడండి. జాక్ మీద మూడు గీతలుంటే మైకు ఉన్నది, రెండే ఉంటే లేనిది. రెండు గీతలదైనా ఫరవాలేదు, ఫోన్ తన సొంత మైకునే వాడుకుంటుంది. అలాంటప్పుడు ఫోన్ జేబులో పెట్టకుండా చేతిలో పట్టుకోండి. వైరుకు మైకు వేలాడుతుంటే చున్నీకి రాసుకుని బరబరమంటుంది, కాలరు దగ్గర క్లిప్ పెట్టండి.

ప్రశ్న: ఇయర్‌ఫోన్ లేకుండా స్పీకర్‌లో పెడితే కూత పెడుతోంది.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: స్పీకర్ శబ్దం మైకులోకి, మైకుది మళ్లీ స్పీకర్‌లోకి తిరుగుతూ పెరిగిపోతుంది. సౌండు తగ్గిస్తే కూత ఆగుతుంది, కానీ యాప్ తన సంగీతాన్నే పరిసరం అనుకుని దానికే స్పందిస్తూ కూర్చుంటుంది. ఈ యాప్‌లకు ఇయర్‌ఫోన్ తప్పనిసరి.

ప్రశ్న: కలింగపట్నం అలల హోరు పెరిగితే తంబూరా నాదం తెరుచుకోవాలి, తగ్గితే ముడుచుకోవాలి. నేనే తయారుచేసుకోగలనా? నా శ్రుతి ఐదు.
– సంగీత కళాశాల విద్యార్థిని, విజయనగరం

జవాబు: తప్పకుండా చేయగలరు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఊరి కళాశాల నుంచి ఈ ప్రశ్న రావడం మాకెంతో సంతోషం. ముందు కంప్యూటర్‌లో ప్యూర్ డేటా వేసుకోండి. అందులో పెట్టెలు పెట్టి, వాటిని తీగలతో కలిపి శబ్దాన్ని నడుపుతాం. కింద చెప్పే పేర్లను ఆంగ్లంలో టైపు చేయాలి. ~ గుర్తు ఉన్నచోట దాన్ని వదలకూడదు, వదిలితే శబ్దం వెళ్లే తీగ అతకదు.

ముందు నాదం సంగతి. ఫేజర్~ (phasor~, ఉపస్వరాలతో స్వరం పుట్టించేది) పెట్టెలు నాలుగు పెట్టండి: 147, 196, 196.4, 98. మీ ఐదు శ్రుతికి ఇవి హెర్ట్జ్‌లో వరుసగా మంద్ర పంచమం, రెండు షడ్జాలు, మంద్ర షడ్జం. రెండో షడ్జాన్ని 0.4 హెర్ట్జ్ జరిపాం కాబట్టి రెండున్నర సెకన్లకోసారి నాదం మెల్లగా ఊగుతుంది. రెండూ 196 అయితే నాదం చచ్చినట్టుంటుంది. నాలుగింటినీ కలిపి *~ 0.08 లోకి, అక్కడి నుంచి లాప్~ (lop~, పై శబ్దాలను కోసేది), హిప్~ (hip~, కింది శబ్దాలను కోసేది) 5, చివరికి డాక్~ (dac~, స్పీకర్‌కి పంపేది). ఫేజర్~ బదులు ఆస్క్~ (osc~) పెడితే ఉపస్వరాలే ఉండవు, లాప్~కి తెరవడానికీ మూయడానికీ ఏమీ మిగలదు.

ఇక వినే వైపు. ఏడీసీ~ (adc~, మైకు శబ్దం తెచ్చేది) 1 నుంచి హిప్~ 150, దాని నుంచి ఎన్వ్~ (env~, శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచేది) 4096, కింద ఒక నంబర్ పెట్టె. హిప్~ 150 గాలి గుభగుభలను చాలావరకు కోసేస్తుంది. తీరంలో అల వెనక్కి పోయినప్పుడు ఆ పెట్టెలో ఎంత కనబడింది, విరిగినప్పుడు ఎంత అన్నది కాగితం మీద రాసుకోండి. 55, 75 అనుకుందాం. అప్పుడు వరుసగా: - 55, / 20, క్లిప్ (clip) 0 1, * 2600, + 300, ప్యాక్ (pack) 0 800, లైన్ (line). దాన్ని లాప్~ కుడివైపు కన్నానికి కలపండి. అల లేచేకొద్దీ 300 నుంచి 2900 హెర్ట్జ్ దాకా నాదం తెరుచుకుంటుంది. 800 అంటే మార్పుకు పట్టే మిల్లీసెకన్లు. 100కి దించితే నాదం వణుకుతుంది, 5000 చేస్తే అల వెళ్లిపోయాక గానీ తెరుచుకోదు. మార్పు చాలడం లేదనిపిస్తే మొదటి లాప్~ వెనకే ఇంకొకటి పెట్టి, రెంటికీ అదే లైన్ కలపండి.

అన్నీ సరిగ్గా కలిపినా పెట్టెలో అంకె రెండు మూడు మించి కదలకపోతే తప్పు మీది కాదు. మైకు దగ్గరే చిన్న శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని తగ్గించే ఏర్పాటు నడుస్తోందన్నమాట. చాలా ఫోన్లలో దీనికి తోడు రొదను తుడిచే ఏర్పాటు కూడా ఉంటుంది. ఆగకుండా ఒకే తీరులో వచ్చే శబ్దాన్ని అది రొదగా లెక్కగడుతుంది. కడలి హోరు, వాన, ఫ్యాను, మనకు కావలసినవన్నీ అందులోనే పోతాయి. రికార్డర్‌లో 30 సెకన్లు ఫ్యాను శబ్దం తీసి వినండి. మొదట గట్టిగా ఉండి కొన్ని క్షణాల్లో అణిగిపోతే ఆ ఏర్పాటు పనిచేస్తున్నట్టే. కంప్యూటర్‌లో మైకు సెట్టింగ్స్‌కి వెళ్లి దాన్ని ఆపవచ్చు. ఫోన్‌లో అది యాప్ చేతిలో ఉంటుంది: ఆండ్రాయిడ్ 7 నుంచి, ఫోన్ ఒప్పుకుంటే, సరిదిద్దని శబ్దాన్ని యాప్ అడిగి తీసుకోవచ్చు.

తీరంలో మైకుకు స్పాంజి తొడుగు తప్పదు. గాలి నేరుగా తగిలితే హిప్~ ఒక్కటే ఆపలేదు. ప్యాచ్ (ఈ పెట్టెల అల్లిక) కుదిరాక దాన్ని ఫోన్‌లో నడపడానికి లిబ్‌పీడీ లైబ్రరీ ఉంది. మాబ్‌మూప్లాట్ లాంటి యాప్‌లు దాని మీదే నడుస్తాయి. పైన వాడినవన్నీ ప్యూర్ డేటా అసలు రూపంలో ఉన్న పెట్టెలే కాబట్టి మార్చాల్సింది లేదు. కాకపోతే 55, 75 అంకెలను ఆ ఫోన్ మైకుతో మళ్లీ చూసుకోవాలి.

ప్రశ్న: మైకు ఎప్పుడూ తెరిచి ఉంటే మా మాటలు ఎక్కడికో వెళ్లవా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఈ పనికి ఇంటర్నెట్ అవసరం లేదు, లెక్కంతా ఫోన్‌లోనే జరుగుతుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి నడపండి. అప్పుడూ చప్పట్లకు స్పందిస్తుంటే అలాగే వాడుకోండి. యాప్ మూసేశాక కూడా ఆండ్రాయిడ్ 12 ఆపై ఫోన్లలో పైన ఆకుపచ్చ చుక్క, ఐఫోన్‌లో నారింజ చుక్క కనబడుతుంటే మైకు ఇంకా నడుస్తోందని అర్థం. వాడనప్పుడు సెట్టింగ్స్‌లో మైకు అనుమతి తీసేయండి. అప్పటికీ చుక్క పోకపోతే యాప్ తీసేయండి.