కువైట్ వైపు సముద్రం అంత ఉప్పగా ఉండడానికి మంచినీళ్ల ప్లాంట్లే కారణమా?

కువైట్, బహ్రెయిన్ తీరాల్లో నీళ్లు మన బంగాళాఖాతం కన్నా ఎందుకంత ఉప్పగా ఉంటాయి, సముద్రపు నీటి నుంచి మంచినీళ్లు తీసే ప్లాంట్లు వదిలే ఉప్పునీళ్ల వల్లేనా అని అడిగారు. కువైట్‌లో అలాంటి ప్లాంటులోనే చాలా ఏళ్లు పనిచేశాను. అసలు కారణం ప్లాంట్లు కాదు, ఆ సముద్రం, అంటే పర్షియన్ గల్ఫ్, స్వభావమే అంత.

బంగాళాఖాతం సగటు లోతు రెండున్నర వేల మీటర్ల పైమాటే. పర్షియన్ గల్ఫ్‌ది 35 మీటర్లు, అంతే. ఉన్న ఆ కాస్త లోతూ జాగ్రోస్ కొండలు దిగే ఇరాన్ ఒడ్డు వైపే ఉంటుంది. అరబ్ దేశాల వైపు కొన్నిచోట్ల చాలా దూరం నడిచినా మోకాలి లోతు దాటదు. మంచుయుగంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు దిగిపోయినప్పుడు గల్ఫ్ అంతా ఎండిన నేలే. ఇరాక్ నుంచి వచ్చే టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నీళ్లు దాని మీదుగానే పారేవి.

ఇక నదులు. మాది కోనసీమ. గోదావరికి వరదొస్తే అంతర్వేది దగ్గర సముద్రం చాలా దూరం ఎర్రబడిపోతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, కృష్ణ కూడా అందులోకే వస్తాయి. అందుకే బంగాళాఖాతం ఉత్తరాన పైనీళ్లలో ఉప్పు తక్కువ. అరేబియా ద్వీపకల్పంలోనో, ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. గల్ఫ్‌కి చెప్పుకోదగ్గ నది టైగ్రిస్, యూఫ్రటీస్ కలిసి ఏర్పడే షట్ అల్ అరబ్. పైదేశాల్లో ఆనకట్టలు కట్టాక దాని నీళ్లూ తగ్గిపోయాయి. ఎండకు మాత్రం ఏడాదికి ఒకటిన్నర మీటర్లకు పైగా నీరు ఆవిరైపోతుంది. లోతు తక్కువ కాబట్టి మిగిలిన నీళ్లు త్వరగా ఉప్పెక్కుతాయి. పోయిన నీళ్ల లోటు తీర్చే దారి సుమారు 40 కిలోమీటర్ల వెడల్పున్న హార్ముజ్ జలసంధి ఒక్కటే. అక్కడ బయటి ఒమన్ అఖాతం నుంచి తేలిక నీళ్లు పైపైన లోపలికొస్తాయి, ఉప్పెక్కి బరువైన నీళ్లు అడుగునుంచి బయటికి పోతాయి.

మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పుంటే గల్ఫ్‌లో దాదాపు 40. ఖతార్, సౌదీల మధ్య సాల్వా అఖాతంలో 50 దాటుతుంది.

అలాగని ప్లాంట్లను పూర్తిగా వదిలేయలేం. నీటిని మరిగించి తీసే ప్లాంట్లలో మిగిలిన బ్రైన్, అంటే చిక్కటి ఉప్పునీళ్లు, ఉప్పుతో పాటు వేడి కూడా మోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. ఆగస్టులో సముద్రపు నీళ్లను ప్లాంటులోకి లాగే మా ఇన్‌టేక్‌లోకి వచ్చే నీళ్లే చేతికి గోరువెచ్చగా తగిలేవి. జెల్లీచేపలు గుంపులుగా వచ్చి చెత్తను ఆపే స్క్రీన్లకు అతుక్కుపోతే కుర్రాళ్లు షిఫ్టంతా పారలతో ఎత్తిపోసేవాళ్లు. 2008-09లో ఎర్ర ఆల్గే పెరిగిపోయి గల్ఫ్‌లో కొన్ని ప్లాంట్లను ఆపేయాల్సి వచ్చింది. మొత్తం గల్ఫ్ లెక్కలో ప్లాంట్ల ఉప్పు చిన్నదే. కానీ బ్రైన్ వదిలేచోట, లోతులేని ఒడ్డు పక్కన, సముద్రపు గడ్డికీ చేపపిల్లలకూ అది పెద్ద దెబ్బే. కొత్తగా కట్టే ప్లాంట్లైనా బ్రైన్ పైపును బాగా పారుదలున్న లోతు నీళ్లదాకా తీసుకెళ్లి వదలాలని నేను గట్టిగా అంటాను.