కన్ను, చేయి అడ్డొస్తే: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఎరుపు, పసుపు తేడా పట్టలేక మా విద్యార్థి ఒకరు టైట్రేషన్‌లో (రంగు మారే వరకు ఒక ద్రావణాన్ని మరోదానిలో కొద్దికొద్దిగా వదిలి గాఢత కొలిచే ప్రయోగం) మార్కులు పోగొట్టుకుంటున్నారు. సైన్స్ మానేయమని సలహా ఇవ్వవచ్చా?

జవాబు: వద్దు. ఆ ప్రాక్టికల్ పరీక్షించాల్సింది కొలిచే నేర్పునే గాని కంటిని కాదు. చిక్కంతా ఆమ్లంలో ఎరుపుగా, క్షారంలో పసుపుగా కనిపించే మిథైల్ ఆరెంజ్ సూచికతోనే. బలమైన ఆమ్లం, బలమైన క్షారం అయితే థైమాల్‌ఫ్తలీన్ అనే మరో సూచిక వాడండి. రంగులేని ద్రావణం నీలమవుతుంది. అంతకన్నా మేలు, ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో అంకెలో చూపే పీహెచ్ మీటర్. ముందుగా పీహెచ్ 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేసుకోవాలి. బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) నుంచి మొదట 1 మి.లీ. చొప్పున, పీహెచ్ వేగంగా మారడం మొదలవగానే 0.1 మి.లీ. చొప్పున వదలాలి. అంకె నిలకడపడ్డాకే రాసుకోవాలి. వదిలిన మి.లీ.లకు పీహెచ్ ఎలా మారిందో గ్రాఫ్ గీస్తే, గీత అన్నిటికన్నా నిటారుగా లేచే చోటే తుల్య బిందువు, అంటే ఆమ్లం, క్షారం సరిగ్గా సరిపోయే చోటు. తొందరపడి ఎక్కువ వదిలితే సరిగ్గా అక్కడే రీడింగులు ఉండవు, లెక్క తప్పుతుంది.

మీటర్ తరగతిలో అందరికీ ఇవ్వండి. ఒక్కరికే ఇస్తే వేలెత్తి చూపినట్టవుతుంది.

ప్రశ్న: చేతులు చిన్నవై పియానోపై ఆక్టేవ్ (ఒక స్వరం నుంచి పై స్థాయిలోని అదే స్వరం వరకు దూరం) అందుకోలేని అభ్యర్థులను ప్రవేశ పరీక్షలో ఎలా చూడాలి?

జవాబు: మామూలు పియానోపై ఆక్టేవ్ వెడల్పు సుమారు 16.5 సెం.మీ. సుమారు 15.2, 14 సెం.మీ. కొలతల కీబోర్డులూ తయారవుతున్నాయి. కొనగలిగితే ఒకటి పెట్టండి. లేదంటే పెద్ద కార్డులను (ఒకేసారి వాయించే స్వరాల గుంపులు) విడదీసి వాయించవచ్చని నియమాల్లోనే, దరఖాస్తుకు ముందే రాయండి. పరీక్షకుల దయకు వదిలేయడం అన్యాయం. చేయి బలవంతంగా సాగదీసి సాధన చేయమని మాత్రం చెప్పకండి, ముంజేయికి గాయం కావచ్చు.