ఆటా వద్దనిపిస్తే అది బద్ధకం కాదు

ప్రశ్న: నేను బీటెక్ రెండో సంవత్సరం చదువుతూ కళాశాల హాస్టల్లో ఉంటున్నాను. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న నాకు మొదటి సంవత్సరంలోనే మూడు సబ్జెక్టులు మిగిలిపోయాయి. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడు దాటితే గానీ నిద్ర పట్టడం లేదు. పొద్దున లేవలేక తరగతులు మానేస్తున్నాను, హాజరు తగ్గిపోయింది. ఎంతో ఇష్టమైన క్యారమ్స్ కూడా ఆడబుద్ధి కావడం లేదు. కౌలు సేద్యం చేసే మా నాన్నగారు అప్పు తెచ్చి హాస్టల్ ఫీజు కడుతున్నారు. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి భయమేస్తోంది. ఇదంతా బద్ధకమేనని, ఫోన్ పక్కన పెడితే సర్దుకుంటుందని అన్నయ్య అంటాడు. నేను లేకపోతే వాళ్లకు భారమైనా తగ్గేదని ఒక్కోసారి అనిపిస్తోంది. మానసిక వైద్యుణ్ణి కలిస్తే ఆ సంగతి రేపు ఉద్యోగానికి అడ్డొస్తుందా?
— ఒక విద్యార్థి, గుంటూరు జిల్లా

జవాబు: ముందుగా, 'నేను లేకపోతే' అని మీరు రాసిన మాట గురించి చెప్పాలి. ఆ ఆలోచనను ఈ రోజే మీ గదిలోని స్నేహితుడికో, అన్నయ్యకో చెప్పండి. ఎవరికీ చెప్పలేననిపిస్తే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రీ పగలూ అందుబాటులో ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఆలోచన బలపడి, ఏదైనా చేసుకోవాలన్నంత వరకు వెళితే గదిలో ఒంటరిగా ఉండకుండా, స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెంటనే దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇక బద్ధకం సంగతి. చదువంటే బద్ధకించేవాడు పుస్తకం మూసి క్యారమ్స్ బోర్డు దగ్గరకు పరుగెడతాడు. మీకు ఆ ఆట మీద కూడా ఆసక్తి పోయింది. ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, నిద్ర చెడడం, తన వల్ల ఇంట్లో వాళ్లకు భారమే తప్ప ఉపయోగం లేదనిపించడం వంటివి దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యులు డిప్రెషన్‌ను అనుమానిస్తారు. మీ విషయంలో రెండు నెలలు గడిచాయి. ఉత్తరం చూసి జబ్బును నిర్ధారించడం సరికాదు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 లోపం ఉన్నవారిలోనూ ఇలాంటి నీరసం, నిరాసక్తత కనిపిస్తాయి కాబట్టి రక్తపరీక్షలు కూడా అవసరం కావచ్చు. అన్నయ్య మాటలో కొంత నిజం లేకపోలేదు. నిద్ర పట్టక ఫోన్ చూస్తాం, చూసినకొద్దీ నిద్ర మరింత దూరమవుతుంది. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే సమయానికి లేవడం, సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానేయడం ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు. అయితే వైద్యుణ్ణి కలవడానికి ఇవి ప్రత్యామ్నాయం కావు.

గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మీ అనుమతి లేకుండా వైద్యుడు వాటిని కళాశాలకు గానీ, ఉద్యోగమిచ్చే సంస్థకు గానీ చెప్పకూడదు. సమస్య తేలికపాటిదైతే మాటల ద్వారా చేసే చికిత్సే సరిపోవచ్చు. మందులు రాస్తే వాటి ఫలితం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కనుక, వారం వాడి పనిచేయడం లేదని మీ అంతట మీరే ఆపేయకండి.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను నియమించాలి. మన కళాశాలల్లో చాలాచోట్ల హాజరు, ఫీజు బాకీ అడిగే అధ్యాపకుణ్ణే కౌన్సెలర్ అంటున్నారు. నేను చెప్పేది ఆయన గురించి కాదు. శిక్షణ పొందిన వారు ఉన్నారేమో ప్రిన్సిపాల్ కార్యాలయంలో అడగండి.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు మిగిలిపోయిన సబ్జెక్టులతో మొదలుపెట్టకండి. నిద్ర పట్టడం లేదని, ఒంట్లో బాగాలేదని, ఆసుపత్రికి వెళుతున్నానని ముందు చెప్పండి. అదీ కష్టమైతే, మీరు అంగీకరిస్తే తర్వాతి ఓపీకి ఆయన్ను పిలిపించి వైద్యుడే వివరిస్తారు. వైద్యుడిచ్చే ధ్రువపత్రాన్ని కూడా జాగ్రత్త చేసుకోండి. జేఎన్‌టీయూ నిబంధనలు వర్తించే కళాశాలల్లో హాజరు 75 శాతానికి తగ్గినా 65 శాతం వరకు ఉంటే అనారోగ్య కారణంగా సడలింపు కోరే వీలుంటుంది. మీ హాజరు ఎంతో ఈ వారంలోనే కనుక్కోండి.